బిడ్డ వచ్చే ముందు ఇల్లు సిద్ధం కావాలి



ఈ పూట దత్తత గురించి మాట్లాడుకుందాం. వింటున్న మీలో కొందరి ఇళ్లలో ఇప్పటికే ఆ మాట నడుస్తూ ఉండవచ్చు. రాత్రి అందరూ పడుకున్నాక భార్యాభర్తలు గొంతు తగ్గించి అనుకుంటూ ఉండవచ్చు. అమ్మకు ఎలా చెప్పాలి, నాన్న ఏమంటారు, ఊళ్లో ఏమనుకుంటారు అని. మీ ఇంట్లో ఆ మాట లేకపోయినా రేడియో కట్టేయకండి. రేపు మీ చెల్లెలు ఒక బిడ్డను ఇంటికి తెచ్చుకోవచ్చు. అప్పుడు ఆ బిడ్డకు పెద్దమ్మ మీరే. మీ తమ్ముడు తెచ్చుకుంటే మేనత్త మీరే. పక్క వాటాలో వాళ్లు తెచ్చుకుంటే, ఆ బిడ్డ ఆడుకోవడానికి వచ్చేది మీ గుమ్మంలోకే.

దత్తత అనగానే ఎవరైనా మొదట అడిగేది కాగితాల సంగతి. ఎక్కడ అప్లై చేయాలి, ఎన్నాళ్లు పడుతుంది, ఎంత ఖర్చవుతుంది? అవీ చెబుతాను. కానీ కాగితాలు సిద్ధమైనంత మాత్రాన ఇల్లు సిద్ధమైనట్టు కాదు. ఉయ్యాల, బట్టలు, పాలసీసాలు ఒక్క సాయంత్రం బజారుకెళితే దొరుకుతాయి. ఇంట్లో మనుషులు సిద్ధం కావడానికి నెలలు పడుతుంది. నేను చెప్పదలచుకున్నది రెండే మాటలు. బిడ్డ వచ్చే ముందు ఇంటిల్లిపాదీ సిద్ధం కావాలి. వచ్చాక ఆ బిడ్డ దగ్గర నిజం దాచకూడదు. ఈ రెండూ విడివిడిగా లేవు. సిద్ధపడని ఇల్లే నిజాన్ని దాచాలని చూస్తుంది.

ముందు దారి సంగతి చూద్దాం.

మన దేశంలో దత్తతకు ఒక కేంద్ర సంస్థ ఉంది. అందరూ కారా అంటారు. దాని వెబ్‌సైట్‌లో పేరు నమోదు చేసుకోవాలి. కంప్యూటర్ తెలియకపోతే మీ జిల్లాలో జిల్లా బాలల సంరక్షణ అధికారి కార్యాలయం ఉంటుంది. అక్కడికి వెళితే దగ్గరుండి నమోదు చేయిస్తారు. పెళ్లయి, కాపురం కనీసం 2 ఏళ్లు నిలకడగా సాగిన దంపతులు తీసుకోవచ్చు. పెళ్లి కాని స్త్రీ, భర్త పోయిన స్త్రీ, విడాకులు తీసుకున్న స్త్రీ కూడా తీసుకోవచ్చు. ఆడపిల్లనైనా, మగపిల్లవాడినైనా. ఒంటరి పురుషుడికి మాత్రం మగపిల్లవాడినే ఇస్తారు. మతంతో పని లేదు. ఏ మతం వాళ్లయినా ఈ దారిలో దత్తత తీసుకోవచ్చని సుప్రీంకోర్టు 2014లోనే చెప్పింది.

వయసు సంగతి ఒక్కటి గుర్తుపెట్టుకోండి. 2 ఏళ్ల లోపు బిడ్డ కావాలంటే భార్యాభర్తల వయసులు రెండూ కలిపి 85 దాటకూడదు. ఏళ్ల తరబడి ఆసుపత్రుల చుట్టూ తిరిగి, అప్పుడు దత్తత గురించి ఆలోచించేవాళ్లకు ఈ లెక్క అడ్డం వస్తుంది. కాబట్టి ఆలోచన ఉంటే ఆలస్యం చేయకండి.

నమోదయ్యాక ఒక సోషల్ వర్కర్ మీ ఇంటికి వస్తారు. చాలామంది ఆ రోజు ఇల్లంతా కడిగి, కొత్త దుప్పట్లు పరిచి, పరీక్షకు కూర్చున్నట్టు కూర్చుంటారు. అక్కర్లేదు. మీ హాల్లో సోఫా ఉందా లేదా అని చూడటానికి కాదు వాళ్లు వచ్చేది. మీరిద్దరూ ఒక మాట మీద ఉన్నారా, ఇంట్లో పెద్దవాళ్లకు తెలుసా, మీకు జబ్బు చేస్తే బిడ్డను చూసేదెవరు, ఇవి అడుగుతారు. ఇంట్లో ఇప్పటికే కాస్త ఎదిగిన పిల్లలుంటే వాళ్ల ఇష్టమూ అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. భయముంటే భయముందనే చెప్పండి.

తర్వాత ఎదురుచూడటం. ఇది చాలా పొడుగు. పసిబిడ్డ కావాలనుకునేవాళ్లకు 3 ఏళ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పడుతోంది. కారణం సులువుగానే అర్థమవుతుంది. 2024-25లో దేశం మొత్తం మీద జరిగిన దత్తతలు 4,500 పైచిలుకు. వరుసలో ఉన్న దంపతులు 30 వేలకు పైనే. అడిగేవాళ్లు ఎక్కువ, చట్టప్రకారం దత్తతకు సిద్ధంగా ఉన్న పిల్లలు తక్కువ. కాస్త పెద్ద పిల్లల్ని, ప్రత్యేక అవసరాలున్న పిల్లల్ని తీసుకుంటామనేవాళ్లకు ఇంత నిరీక్షణ ఉండదు.

ఒకరోజు ఫోన్‌కు మెసేజ్ వస్తుంది. ఒక బిడ్డ ఫొటో, ఆరోగ్య వివరాలు కనిపిస్తాయి. అవునో కాదో చెప్పడానికి 48 గంటలు సమయం. అవునంటే ఆ బిడ్డ ఉన్న శిశు గృహకు వెళ్లాలి. బిడ్డను మీ డాక్టరుతో పరీక్ష చేయించుకునే హక్కు మీకుంది. అన్నీ కుదిరాక బిడ్డను ఇంటికి తెచ్చుకోవచ్చు. ఒకప్పుడు దత్తతకు ఆఖరి ఉత్తర్వు కోర్టు ఇచ్చేది. 2022 సెప్టెంబరు నుంచి జిల్లా కలెక్టరు ఇస్తున్నారు. ఆ ఉత్తర్వుతో బిడ్డ అన్ని విధాలా మీ సొంత బిడ్డ. జనన ధ్రువీకరణ పత్రంలో తల్లిదండ్రులుగా మీ పేర్లే ఉంటాయి. ఆస్తి హక్కులో తేడా ఉండదు. బిడ్డ ఇంటికి వచ్చినప్పటి నుంచి 2 ఏళ్ల పాటు, 6 నెలలకోసారి, సోషల్ వర్కర్ వచ్చి బిడ్డ ఎలా ఉందో చూసి వెళతారు.

డబ్బు సంగతి. ప్రభుత్వం నిర్ణయించిన ఫీజు ఉంటుంది. రసీదు ఇస్తారు. అంతకుమించి ఎవరు అడిగినా ఇవ్వకండి. విరాళం అన్నా ఇవ్వకండి.

ఇక్కడొక హెచ్చరిక. ఎదురుచూసి విసిగిపోయినవాళ్ల చెవిలో ఎవరో ఒకరు ఒక మాట వేస్తారు. ఫలానా ఆసుపత్రిలో నర్సు తెలుసు, పెళ్లికాని అమ్మాయికి పుట్టిన బిడ్డ ఉంది, కొంచెం ఖర్చవుతుంది, మీ పేరుతోనే బర్త్ సర్టిఫికెట్ కూడా వచ్చేస్తుంది అని. వినకండి. అది దత్తత కాదు, కొనుగోలు. పిల్లల్ని అమ్మినా, కొన్నా 5 ఏళ్ల దాకా కఠిన కారాగార శిక్ష ఉంది.

ఈ విషయంలో మన తెలుగు నేలకు చేదు అనుభవం ఉంది. 1999 నుంచి 2001 మధ్య, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణ జిల్లాల లంబాడా తండాల నుంచి ఆడశిశువులను దళారులు కొద్దిపాటి డబ్బు చేతిలో పెట్టి తీసుకెళ్లారు. ఆ పిల్లలు విదేశీ దత్తతల దాకా వెళ్లిన సంగతి బయటపడి దేశమంతా గగ్గోలు పుట్టింది. 2024లో హైదరాబాద్ శివార్లలో మళ్లీ శిశువుల్ని అమ్మే ముఠా పట్టుబడింది. ఇతర రాష్ట్రాల నుంచి తెచ్చిన పసికందులను ఇక్కడి దంపతులకు అమ్మారు. పోలీసులు ఆ ఇళ్లకు వెళ్లి పిల్లల్ని తీసుకుని శిశు విహార్‌కు చేర్చారు. నెలల తరబడి గుండెలకు హత్తుకుని పెంచిన బిడ్డను ఒక్క పూటలో అప్పగించాల్సి వచ్చింది ఆ తల్లులకు. వాళ్లు కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. పిల్లలూ నలిగిపోయారు. వరుస ఎంత పొడుగైనా వరుసలోనే నిలబడండి. ఇంకోసారి చెబుతున్నాను. వరుసలోనే నిలబడండి.

సరే, ఎదురుచూడాలి. ఆ 3 ఏళ్లు ఏం చేయాలి? ఇల్లు సిద్ధం చేయాలి.

మొదట మీ ఇద్దరూ. పిల్లలు పుట్టలేదన్న దిగులు చాలామంది లోపలే అణచుకుని ఉంటారు. శ్రీమంతాలకు పిలవని చుట్టాలు, పేరంటంలో వెనకాల మాటలు, ప్రతి నెలా ఆశ, ప్రతి నెలా నిరాశ. ఆ దుఃఖం దుఃఖమే. దాన్ని ఒకరి దగ్గర ఒకరు బయటపెట్టుకోండి. అది తీరకుండా బిడ్డను తెచ్చుకుంటే, పుట్టని బిడ్డతో వచ్చిన బిడ్డను పోల్చి చూడటం మొదలవుతుంది. మనలో ఇంకో నమ్మకం ఉంది. ఎవరినైనా తెచ్చి పెంచుకుంటే కడుపు పండుతుందట అంటారు. దయచేసి ఆ ఆశతో దత్తతకు వెళ్లకండి. ఒక బిడ్డ ఇంకో బిడ్డకు మొక్కు కాదు. ఆ బిడ్డ కోసమే ఆ బిడ్డను తెచ్చుకోవాలి.

తర్వాత పెద్దవాళ్లు. ఇదే అసలు కష్టం. అత్తగారు అడుగుతారు. ఏ కులమో, ఏ తల్లి కన్నదో, ఎలాంటి బుద్ధులొస్తాయో అని. మామగారు అడుగుతారు. మా అన్నయ్య మనవడు ఉన్నాడుగా, వాణ్ని పెంచుకోకూడదూ, ఇంటి పేరైనా నిలుస్తుంది అని. వాళ్ల మీద కోపం తెచ్చుకోకండి. వాళ్లు పెరిగిన రోజుల్లో దత్తత అంటే వేరు. కొడుకు లేని ఇంట్లో కర్మకాండ కోసం, ఆస్తి కోసం, దగ్గరి చుట్టాల అబ్బాయిని పీటల మీద కూర్చోబెట్టి తెచ్చుకునేవారు. 1956లో హిందూ దత్తత చట్టం వచ్చేదాకా ఆడపిల్లను దత్తత తీసుకోవడానికి సాధారణంగా వీలే ఉండేది కాదు. ఆ రోజుల నుంచి వచ్చినవాళ్లు ఇవాళ ముక్కూ మొహం తెలియని ఆడబిడ్డను మనవరాలు అనాలంటే కొంత సమయం పడుతుంది.

ఆ సమయం ఇవ్వండి. కానీ మాట ముందే చెప్పండి. అనుమతి కోసం కాదు, తెలియడం కోసం. ఇంట్లో ఇలా చెప్పవచ్చు. "అత్తయ్యా, మీకు ఎన్ని సందేహాలున్నా ఇప్పుడు మమ్మల్ని అడగండి. అన్నిటికీ కూర్చుని మాట్లాడుకుందాం. బిడ్డ గడపలోకి వచ్చాక మాత్రం కులం మాట, పుట్టుక మాట ఈ ఇంట్లో వినపడకూడదు." మెత్తగా చెప్పండి, గట్టిగా చెప్పండి. చాలా ఇళ్లలో మొదట మొహం ముడుచుకున్న నాయనమ్మలే తర్వాత బిడ్డను కిందకు దించరు. అందరూ మారతారని చెప్పలేను. మారనివాళ్లు ఉంటే, బిడ్డకు వాళ్లతో ఎంత దగ్గరతనం ఉండాలో మీరే తేల్చుకోవాలి. ఆ ధైర్యం కూడా సిద్ధపడటంలో భాగమే.

ఇంట్లో ముందే ఒక బిడ్డ ఉంటే, ఆ బిడ్డను మరిచిపోకండి. నీకు ఆడుకోవడానికి చెల్లి వస్తుంది అని మాత్రం చెప్పి ఊరుకోకండి. వచ్చే చెల్లి ఆడుకోకపోవచ్చు. బొమ్మ లాక్కోవచ్చు, కొరకవచ్చు, రాత్రంతా ఏడవవచ్చు. అమ్మ ఒళ్లో కొన్నాళ్లు ఆమే ఉంటుంది. ఇవన్నీ ముందే చెప్పండి. రోజూ కొంతసేపు అమ్మో, నాన్నో పెద్దబిడ్డతోనే గడపండి.

ఉద్యోగం చేసేవాళ్లు ఆఫీసులో దత్తత సెలవు ఎన్నాళ్లు ఇస్తారో ఇప్పుడే కనుక్కోండి. మెసేజ్ వచ్చాక కనుక్కుందామంటే 48 గంటలు చాలవు.

ఇక బిడ్డ వచ్చిన రోజుకు వద్దాం.

మన అలవాటు ఏమిటి? ఎర్రనీళ్లతో దిష్టి తీయడం, వీధి వీధంతా రావడం, స్వీట్లు పంచడం, బిడ్డను చేతులు మార్చడం. మీ సంతోషం నాకు అర్థమవుతుంది. కానీ ఒక్క క్షణం ఆ బిడ్డ వైపు నుంచి చూడండి. నిన్నటి దాకా ఆ బిడ్డకు తెలిసిన లోకం శిశు గృహ. అక్కడ ఒక ఆయమ్మ గొంతు తెలుసు. వరసగా ఉన్న ఉయ్యాలలు తెలుసు. రాత్రంతా వెలిగే లైటు తెలుసు. పక్కన ఇంకో పది మంది పిల్లల అలికిడి తెలుసు. ఇవాళ ఒక్కసారిగా అవన్నీ పోయాయి. కొత్త వాసన, కొత్త గొంతులు, కొత్త చీకటి. మీకు అది పండుగ రోజు. ఆ బిడ్డకు తెలిసినవాళ్లందరూ మాయమైన రోజు.

అందుకే దిష్టి తీసి, ఇంట్లోకి తీసుకుని తలుపు వేసుకోండి. చుట్టాలను తర్వాత పిలవవచ్చు. బారసాల ఒక నెల ఆగినా నష్టం లేదు. మొదటి కొన్ని వారాలు బిడ్డకు తినిపించడం, స్నానం చేయించడం, నిద్రపుచ్చడం తల్లిదండ్రులే చేయాలి. నానమ్మ ఎత్తుకోవచ్చు, ఆడించవచ్చు. కానీ ఆకలేసినప్పుడు, భయమేసినప్పుడు వచ్చే చేతులు ప్రతిసారీ అవే అయి ఉండాలి. అలా వందసార్లు జరిగితేనే బిడ్డకు వీళ్లు నావాళ్లు అని తెలుస్తుంది.

శిశు గృహ నుంచి బయలుదేరే ముందు ఆయమ్మతో నిదానంగా మాట్లాడండి. ఏ పాలపొడి పడుతున్నారు? ఏ వేళకు నిద్రపోతుంది? ఎలా జోకొడితే పడుకుంటుంది? ఏ పేరుతో పిలుస్తున్నారు? వీలైతే బిడ్డ కప్పుకున్న దుప్పటి అడిగి తెచ్చుకోండి. తెచ్చుకుని వెంటనే ఉతికేయకండి. ఆ వాసనే బిడ్డకు ధైర్యం. పాలపొడి మార్చాలన్నా, సబ్బు మార్చాలన్నా కొన్నాళ్లు ఆగండి. ఆయమ్మ ఫొటో, ఆ గది ఫొటో తీసుకోండి. ఎందుకో తర్వాత చెబుతాను.

కాస్త ఎదిగిన బిడ్డయితే ఇంకొన్ని చూస్తారు. నాలుగేళ్ల పిల్లవాడు అన్నం గబగబా మింగుతాడు. దిండు కింద బిస్కెట్లు దాస్తాడు. అది దొంగతనం అని తిట్టకండి. మళ్లీ ఎప్పుడు పెడతారో అన్న భయం అది. వాడికి అందే చోట ఒక డబ్బాలో తినడానికి ఏదో ఒకటి ఎప్పుడూ ఉంచండి. కొన్నాళ్లకు దాచడం మానేస్తాడు. పక్క తడపవచ్చు. ఐదేళ్ల పిల్ల పాలసీసా అడగవచ్చు. ఇవ్వండి. పసితనంలో దొరకనిది ఇప్పుడు అడుగుతోంది. అమ్మా అని పిలవకపోవచ్చు. బలవంతం చేయకండి. వేరే రాష్ట్రం నుంచి వచ్చిన బిడ్డకు తెలుగే రాకపోవచ్చు. ఒడియానో, మరాఠీయో మాట్లాడే బిడ్డ అయితే, ఆకలి, నీళ్లు, నిద్ర, నొప్పి, భయం, ఈ నాలుగైదు మాటలు మీరే ముందు నేర్చుకోండి.

ఇంకోటి. కొందరు పిల్లలు వచ్చిన రోజు నుంచే ఎవరు పిలిచినా నవ్వుతూ వెళ్లిపోతారు. చుట్టాలు మెచ్చుకుంటారు. ఎంత కలుపుగోలు పిల్లో, అసలు కొత్తే లేదు అని. ఆ మెప్పు విని నిశ్చింతగా ఉండకండి. ఎవరూ తన వాళ్లు కారని నేర్చుకున్న బిడ్డ కూడా అందరి దగ్గరకూ అలాగే వెళుతుంది. నెమ్మదిగా ఆ బిడ్డ కొత్తవాళ్లను చూసి మీ కొంగు వెనక దాక్కోవడం మొదలుపెడితే సంతోషించండి. మీరు తన మనిషి అయ్యారు.

తల్లులకు ఒక మాట. బిడ్డ రాగానే ప్రేమ పొంగుకొస్తుందని అనుకుంటారు. కొందరికి వస్తుంది. కొందరికి రాదు. నిద్ర లేక, అలిసిపోయి, ఏడుస్తున్న బిడ్డను చూస్తూ నేను తప్పు చేశానా అనిపిస్తుంది. బయటికి చెప్పుకోలేరు. ఇన్నేళ్లు బిడ్డ కోసం తపించినదానివి, ఇప్పుడేం కష్టమమ్మా అంటారు. కన్న తల్లికి ప్రసవం తర్వాత దిగులు కమ్మినట్టే, దత్తత తల్లికీ కమ్ముతుంది. సిగ్గుపడే విషయం కాదు. భర్తకు చెప్పండి. సోషల్ వర్కర్‌కు చెప్పండి. అవసరమైతే డాక్టరు దగ్గరకు వెళ్లండి. బిడ్డకు పెట్టే ప్రతి ముద్దతో, మేలుకున్న ప్రతి రాత్రితో ప్రేమ పెరుగుతుంది. రోజులు పడుతుంది, అంతే.

సాయం అడగకపోతే ఏమవుతుందో కూడా చెప్పాలి. కొన్ని దత్తతలు నిలబడటం లేదు. ముఖ్యంగా పెద్ద పిల్లల విషయంలో, కొన్ని కుటుంబాలు బిడ్డను తిరిగి అప్పగించేస్తున్నాయి. ఒకసారి ఇల్లు పోగొట్టుకున్న బిడ్డ రెండోసారి పోగొట్టుకుంటుంది. అలా జరిగిన చోట తరచూ కనిపించేది ఒకటే. ఇల్లు సిద్ధం కాలేదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. నిజం చెప్పడం.

చాలామంది అడుగుతారు. చెప్పాలా? చెబితే మనసు విరిగిపోదా? పెద్దయ్యాక, పెళ్లి వయసుకు చెబుదాంలే అంటారు. మీరు చెప్పకపోతే ఇంకెవరో చెబుతారు. ఆస్తి తగాదాలో పినతండ్రి కొడుకు చెబుతాడు. బడిలో గొడవపడ్డ పిల్లవాడు చెబుతాడు. పెళ్లి సంబంధాల దగ్గర తెలుస్తుంది. అప్పుడు ఆ బిడ్డకు రెండు దెబ్బలు తగులుతాయి. నేను ఈ కడుపున పుట్టలేదా అన్నది ఒకటి. మా అమ్మానాన్న ఇన్నేళ్లు నాకు అబద్ధం చెప్పారా అన్నది రెండోది. మొదటిది కాలం మీద మానుతుంది. రెండోది మానడం కష్టం.

కాబట్టి మూడు, నాలుగేళ్లకే చెప్పండి. అంతకు ముందే, మాటలు రాని రోజుల నుంచే, దత్తత అన్న మాట ఇంట్లో మామూలుగా వినపడనివ్వండి. అందుకే ఆ ఫొటోలు తీసుకోమన్నాను. ఆల్బమ్ తెరిచి చూపించండి. "ఇదిగో, నువ్వు ఈ ఇంట్లో ఉండేదానివి. ఈ ఆయమ్మ నీకు పాలు పట్టేది. మేము నీకోసం చాలా రోజులు ఎదురుచూశాం. ఈ రోజు నిన్ను ఇంటికి తెచ్చుకున్నాం." రాత్రి పడుకునే ముందు కథలా చెప్పండి. పిల్లలు ఆ కథ మళ్లీ మళ్లీ అడుగుతారు.

ఏడెనిమిదేళ్లకు ప్రశ్న మారుతుంది. నన్ను కన్న అమ్మ నన్ను ఎందుకు వదిలేసింది? ఇక్కడ జాగ్రత్త. ఆమెను తిట్టకండి. దేవతను చేయకండి. పారేసింది అన్న మాట నోట రానివ్వకండి. తెలిసింది చెప్పండి, తెలియనిది తెలియదని చెప్పండి. "ఆమెకు ఏ కష్టం వచ్చిందో మాకు తెలియదు. నువ్వు ఏదో తప్పు చేయడం వల్ల మాత్రం కాదు. చంటిబిడ్డ తప్పు ఎప్పుడూ ఉండదు." ఈ చివరి మాట ఒకసారి చెప్పి వదిలేయకండి. ఆ బిడ్డ అడగకపోయినా చెప్పండి. చాలామంది పిల్లలు లోపల అనుకునేది అదే, నాలోనే ఏదో లోపం ఉందని.

పదిహేనేళ్లకు ఇంకో రకం. కోపంలో, నువ్వు మా అమ్మవు కాదు అంటారు. ఆ వయసులో కన్న పిల్లలు కూడా అంతకంటే ఘాటైన మాటలే అంటారు. నిన్ను తెచ్చి పెంచినందుకు ఇదా ఫలితం అని మీరు అన్నారో, అయిపోయింది. ఆ మాట ఎప్పటికీ మరిచిపోరు. పెంచడం మీరు చేసిన ఉపకారం కాదు. అమ్మానాన్నల పని. 18 ఏళ్లు నిండాక, తన పుట్టుక వివరాలు తెలుసుకోవాలని బిడ్డ దరఖాస్తు చేసుకోవచ్చు. చట్టం ఆ హక్కు ఇచ్చింది. అంతకు ముందయితే మీరూ కలిసి దరఖాస్తు చేయాలి. అది మిమ్మల్ని వదిలి వెళ్లడం కాదు. తోడుగా వెళతామని చెప్పండి.

సీత నాగటి చాలులో దొరికిన సంగతి మిథిలలో అందరికీ తెలుసు. సీతకూ తెలుసు. జనకుడు దాచలేదు. దాచనందువల్ల ఆమె జనకుడి కూతురు కాకుండా పోలేదు. ఆ కథ విని పెరిగిన మనం, మన ఇంట్లోకి వచ్చేసరికి ఎందుకు గుసగుసలాడతాం?

చివరగా, చుట్టాలకు, ఇరుగుపొరుగుకు కొన్ని మాటలు. ముఖ్యంగా మేనమామలకు. మన ఇళ్లలో పిల్లల్ని ఏడిపించడానికి ఒక సరదా ఉంది. నువ్వు మీ అమ్మకు పుట్టలేదురా, నిన్ను తవుడుకు కొన్నాం అంటారు. తరతరాలుగా అంటున్నారు. దయచేసి దత్తత ఇంట్లో ఆ సరదా మానండి. ఆ బిడ్డకు అది సరదా కాదు.

మానవలసినవి ఇంకా ఉన్నాయి. బిడ్డ ముందు, అసలు అమ్మ ఎవరు అని అడగకండి. రోజూ అన్నం కలిపి పెడుతున్న ఆవిడే అసలు అమ్మ. సొంత పిల్లలు లేరా అనకండి. ఎంత పుణ్యం చేసుకున్నారో, ఎంత అదృష్టవంతురాలో ఈ పిల్ల అని కూడా అనకండి. పొగడ్తే కదా అనుకుంటారు. కానీ అది విన్న ప్రతిసారీ ఆ బిడ్డకు తాను ఎవరికో రుణపడి ఉన్నానన్న సంగతి గుర్తుకొస్తుంది. రంగు పోల్చకండి. ముక్కు పోల్చకండి. చదువులో వెనకబడితే, ఏదో అల్లరి చేస్తే, వాళ్ల రక్తం అని అనకండి. మన పిల్లలు అల్లరి చేస్తే ఎవరి రక్తం?

ఉపాధ్యాయులకు ఒక మనవి. క్లాసులో వంశవృక్షం గీయమన్నప్పుడు, పుట్టినప్పటి ఫొటో తెమ్మన్నప్పుడు, తేలేని బిడ్డ ఒకరు ఉండవచ్చు. చిన్నప్పటి ఫొటో ఏదైనా తెమ్మంటే సరిపోతుంది. డాక్టర్లు వంశంలో షుగర్ ఉందా, ఉబ్బసం ఉందా అని అడుగుతారు. తల్లిదండ్రులు తడుముకోకండి. దత్తత బిడ్డ, ఆ వివరాలు తెలియవు అని బిడ్డ ముందే మామూలు గొంతుతో చెప్పండి. మీ గొంతులో బెరుకు లేకపోతే, ఆ బిడ్డ మనసులోనూ ఉండదు.

ఇప్పటిదాకా అనుకున్నవి ఒకసారి గుర్తుచేస్తాను. చట్టం చూపిన దారిలోనే వెళ్లండి. దళారులను నమ్మకండి. ఎదురుచూసే కాలాన్ని ఇంట్లోవాళ్లను సిద్ధం చేయడానికి వాడుకోండి. బిడ్డ వచ్చిన మొదటి వారాలు సందడి తగ్గించి, మీరే దగ్గరుండి చూసుకోండి. నిజం చిన్నప్పుడే, మీ నోటితోనే చెప్పండి.

ఇంకొక్క మాట, దత్తతతో సంబంధం లేనివారికి కూడా. మీ ఎరుకలో ఎవరైనా తల్లి, బిడ్డను పెంచుకోలేని కష్టంలో ఉంటే, ఆ బిడ్డ తుప్పల్లోకో, దళారి చేతికో వెళ్లనివ్వకండి. 1098కి ఫోన్ చేయండి. డబ్బులు పడవు. బాలల సంక్షేమ కమిటీ ముందు ఆ తల్లి బిడ్డను అప్పగించవచ్చు. మనసు మార్చుకోవడానికి ఆమెకు 2 నెలల గడువు కూడా ఉంటుంది. ఆమె పేరు బయటికి రాదు.

దత్తత ఆలోచన ఉన్నవారు ఈ వారమే ఒక పని చేయండి. వెబ్‌సైట్ తెరవడం రేపయినా చేయవచ్చు. ముందు మీ ఇంట్లో పెద్దవాళ్ల పక్కన కూర్చుని, గొంతు తగ్గించకుండా, ఆ మాట చెప్పండి.